కువైట్ నుంచి తిరిగివచ్చిన సహోదరి: ఒంటరితనం గురించి మా చిన్న సంఘం నేర్చుకున్నది

ఈ కేసు రాయడానికి ఆ సహోదరి ఒప్పుకున్నారు. రాసినదంతా నా భార్య ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించింది. ఊరి పేరు రాయలేదు. వయసు, సంవత్సరాలు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఒక విషయం తీసేయమన్నారు, తీసేశాను. నీలం చొక్కా సంగతి మాత్రం తప్పకుండా ఉంచమన్నారు.

నేపథ్యం

మా క్రైస్తవ సంఘం కోనసీమలో ఒక కాలువ గట్టున ఉంది. 46 కుటుంబాలు, ఆదివారం ఆరాధనకు వచ్చేది నూరు నూటపాతిక మంది. ఇక్కడి నుంచీ కడప వైపు నుంచీ ఇంటిపనికి కువైట్ వెళ్లే ఆడవాళ్ల సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. మా సంఘంలో సగం ఇళ్లలో ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు, లేదా ఉండి వచ్చారు. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి కనీసం 30 ఏళ్లు నిండాలని మన దేశపు నిబంధన. ఈ సహోదరి 2002లో, 33 ఏళ్ల వయసులో, ఖద్దామా (ఇంటిపనిమనిషి) వీసా మీద వెళ్లారు. అప్పటికి కొడుక్కి పదకొండేళ్లు, కూతురికి ఎనిమిది. పిల్లల్ని అత్తగారు పెంచారు. భర్త కొబ్బరి దింపుల పని చేసేవారు. పంతొమ్మిదేళ్లలో ఆమె ఊరికి వచ్చింది నాలుగే సార్లు. 2014లో భర్త చనిపోతే, పాస్‌పోర్టు పనిచేసే ఇంటివాళ్ల దగ్గర ఉండిపోవడం వల్ల రాలేకపోయారు. కరోనా తరువాత 2021లో శాశ్వతంగా వచ్చేసే నాటికి అత్తగారు కూడా లేరు. కొడుకు హైదరాబాదులో, కూతురు విశాఖలో స్థిరపడ్డారు. ఆమె పంపిన దినార్లతో లేచిన రెండంతస్తుల ఇల్లు మాత్రం ఆమె కోసం ఉంది.

సంఘానికి ఆమె కొత్తవారు కాకపోవడమే ఈ కేసులో పెద్ద చిక్కు. మందిరానికి స్లాబు వేసినప్పుడు అందరికంటే ఎక్కువ పంపింది ఆమే. నేను 2017లో ఈ సంఘానికి కాపరిగా వచ్చాను. నాకు ఆమె ముఖం తెలియకముందే ‘కువైట్ అక్కగారు’ అన్న పేరు కానుకల పుస్తకంలో తెలుసు. ఆమె తిరిగి వచ్చాక రెండేళ్లు ప్రతి ఆదివారం ఆడవాళ్ల వైపు చివరి చాప మీద కూర్చుని, ఆశీర్వచనానికి ముందే లేచి వెళ్లిపోయేవారు. పని ఉండి వెళ్తున్నారనుకున్నాను.

ఆమె తెచ్చిన సమస్య

2023 ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చారు. “వందనాలు అయ్యగారూ. ఇంట్లో ఒకసారి ప్రార్థన చేయండి. రాత్రిళ్లు మేడ మీద ఎవరో తిరుగుతున్నారు,” అన్నారు. మర్నాడు నేనూ నా భార్యా వెళ్లాం. హాల్లో సోఫాలకు కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. మేడ మీద మంచం, పరుపు, ఏసీ ఉన్నాయి. ఆమె పడుకునేది కింద వంటింట్లో, గ్యాస్ బండ పక్కన, చాప మీద. రాత్రంతా ట్యూబులైటు వెలుగుతూనే ఉంటుందట. వంటింటి గోడకు రెండు గడియారాలు ఉన్నాయి. ఒకటి మన టైము, రెండోది రెండున్నర గంటలు వెనక, కువైట్ టైము. నా భార్య దాన్ని చూసి ఇదెందుకు అక్కా అని అడిగితే, “అది చూస్తే అక్కడ ఎవరెవరు ఏం చేస్తుంటారో తెలుస్తుందమ్మా,” అన్నారు.

ఆ మాట నేను విన్నాను, విని ఊరుకున్నాను. ఇంటికి ప్రార్థన చేయడానికి వచ్చాను కాబట్టి నా మనసంతా మేడ మీదే ఉంది. ఇప్పుడు వెనక్కి చూస్తే ఈ కేసులో తెలుసుకోవలసింది చాలావరకు ఆ గడియారంలోనే ఉంది, దాన్ని అడగడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

మొదట చేసినవి

ప్రార్థనతో మొదలుపెట్టాం. ఆమె అడిగింది అదే కాబట్టి ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోను. అడిగినదాన్ని పక్కనపెట్టి నాకు తోచిన వైద్యం చేస్తే ఆమె మళ్లీ మా గుమ్మం ఎక్కేవారు కాదు. ప్రతి గదిలో ప్రార్థన చేశాం. రెండు రాత్రులు నిద్ర పట్టింది, మూడో రాత్రి మళ్లీ మొదలు. అప్పుడు మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టాం. అది నష్టం చేసింది. మూడో వారం కూడా నిద్ర పట్టలేదని ఆమె చెప్పినప్పుడు, వచ్చినవాళ్లలో ఒకరు “విశ్వాసంలో ఎక్కడో లోపం ఉంది, పరీక్షించుకో అక్కా,” అన్నారు. అప్పటిదాకా ఆమెకు ఉన్నది ఒక్క బాధ. ఆ మాటతో, దేవుడు కూడా తనను పట్టించుకోవడం లేదేమోనన్న రెండో బాధ తోడైంది. ఆ సహోదరుణ్ణి తరువాత మందలించాను గానీ, అలాంటి మాట పడే చోటును ఏర్పాటు చేసింది నేనే.

ఇక్కడ ఆగి ఆలోచించాను. కౌన్సెలింగ్‌లో నేను పొందిన కొద్దిపాటి శిక్షణలో గట్టిగా నేర్పిన నియమం ఒకటుంది: నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి చెడితే, అది ఆత్మసంబంధమైనదని నీకు ఎంత నమ్మకం ఉన్నా డాక్టరుకు చూపించు. దిగులు ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక తెలుగులో చదివి అడిగితే 27కు 14 వచ్చింది. పది గానీ అంతకు పైన గానీ వస్తే వదిలేయకూడదు. తొమ్మిదో ప్రశ్న చావు తలంపుల గురించి. దాన్ని మెత్తగా చుట్టు తిప్పకుండా సూటిగా అడిగాను, ఎందుకంటే అడిగితే లేని తలంపు పుడుతుందన్నది అపోహ. అడగకపోతే ఉన్న తలంపు లోపలే ఉండిపోతుంది. “చచ్చిపోవాలని లేదు అయ్యగారూ. తెల్లారకపోతే బాగుండుననిపిస్తుంది,” అన్నారు. ఈ రెంటికీ తేడా ఉంది గానీ, రెండోది కూడా చిన్న మాట కాదు. ఆ వారమే ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. దానికీ దిగులుకూ మాత్రలు మొదలుపెట్టారు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సహాయం టెలీ మానస్ నంబరు 14416ను వంటింటి క్యాలెండరు మీద పెద్ద అంకెలతో రాసిపెట్టాం. నా భార్య నెల రోజులపాటు రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసింది. ప్రార్థనను ఆపలేదు, మాత్ర వేసుకునేటప్పుడు చేసే ప్రార్థనగా మార్చాం, మాత్ర విశ్వాసానికి వ్యతిరేకం కాదని ఆమెకు రోజూ తెలియాలని.

మాత్రలతో ఆకలి కుదిరింది, నిద్ర కొంత కుదిరింది. ఒంటరితనం అలాగే ఉంది. దాన్ని విడిగా చూడటానికి పరిశోధకులు వాడే మూడు ప్రశ్నలను మా మాటల్లో అడిగేవాళ్లం: తోడు లేదనిపిస్తుందా, పక్కన పెట్టేశారనిపిస్తుందా, అందరికీ దూరంగా ఉన్నాననిపిస్తుందా. ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు. ఆమెకు తొమ్మిదికి తొమ్మిది వచ్చింది, మాత్రలు మొదలై రెండు నెలలైనా తొమ్మిదే ఉంది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ నివేదిక చెప్పింది. నూరుమంది కూర్చునే మందిరంలో ఆ లెక్కన ఎంతమంది ఉంటారో ఎప్పుడైనా తలచుకున్నానా అని తరువాత నన్ను నేను అడిగాను.

సరిగ్గా చేశామనుకుని చెడగొట్టినవి

పని అప్పగిస్తే మనసు మళ్లుతుందని ఆమెను స్త్రీల సమాజానికి కోశాధికారిని చేశాం. పెద్దలందరూ మెచ్చిన ఆలోచన. మూడు నెలల్లో ఆరుగురు ఆమె దగ్గర అప్పు అడిగారు, నలుగురికి ఇచ్చారు, తీసుకున్నవాళ్లు ఆదివారం ఆమెకు ఎదురుపడకుండా తప్పించుకుని తిరగసాగారు. డబ్బిచ్చే మనిషిగా ఊరంతా చూస్తున్న మనిషికి మేము కూడా డబ్బుపెట్టెనే చేతికిచ్చాం. ఆమె పదవి వదిలేశారు.

తరువాత వంతులవారీగా దర్శించాలని పట్టిక వేశాం, వారానికి రెండు కుటుంబాలు. ఐదు వారాలు నడిచింది. ఎందుకు ఆగిందని విడివిడిగా అడిగితే ఒక్కొక్కరు ఒక్కో సాకు చెప్పారు గానీ, అసలు సంగతి ఆమే నా భార్యతో అన్నారు: “వాళ్లొస్తున్నారంటే మంచి చీర కట్టుకోవాలి, టీ పెట్టాలి, కప్పులు కడగాలి. అక్కడా అదే చేశాను కదమ్మా.” పంతొమ్మిదేళ్లు ఇంకొకరి అతిథులకు టీలు పెట్టిన మనిషి ఇంటికి మేము అతిథులుగా వెళ్లాం. ప్రేమతోనే వెళ్లాం. అయినా ఆమెకు అది పనే అయింది.

శుక్రవారం

2023 ఆగస్టులో ఒక మధ్యాహ్నం, ఏమి చేయాలో పాలుపోక, ఈసారి ఏమీ చెప్పకూడదని నిశ్చయించుకుని వెళ్లాను. నా భార్య కూడా ఉంది. ఆమె తన బైబిలు తెరిచి చూపించారు. 88వ కీర్తన చివరి మాట కింద ఎర్ర పెన్నుతో గీత ఉంది: “చీకటియే నాకు బంధువర్గమాయెను.” అలవాటుగా నోటి చివరి దాకా ఒక ఆదరణ వాక్యం వచ్చింది. కానీ ఆ కీర్తన అక్కడే ఆగిపోతుంది; దాని వెనుక ఓదార్పు వచనమేదీ లేదు, అలా ఆగిపోయిన ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచుకున్నాడు. ఆమె గీతను తుడిచే హక్కు నాకు లేదనిపించి ఊరుకున్నాను. కాసేపటికి గడియారం వైపు చూసి, “అక్కడ శుక్రవారం ఎలా గడిచేది అక్కగారూ?” అని అడిగాను.

రెండు గంటలు మాట్లాడారు. అంతసేపు ఆమె మాట్లాడగా మేము ఎన్నడూ వినలేదు. కువైట్‌లో సెలవు శుక్రవారం. సెలవిచ్చే ఇళ్లలో పనిచేసే తెలుగు ఆడవాళ్లు పదకొండు మంది ఒక డ్రైవరు కుటుంబం అద్దెకున్న గదిలో కూడేవాళ్లు. అందరూ చేరాక ముందు పాట కాదు, ప్రార్థన కాదు. ఒక్కొక్కరు తమ ‘వారం’ చెప్పుకోవాలి. మామా (పనిచేసే ఇంటి యజమానురాలు) ఏమంది, ఊళ్లో పిల్లవాడికి జ్వరం తగ్గిందా, ఎవరు ఎక్కడ ఏడ్చారు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు అడ్డం రాకూడదు. అందరిదీ అయ్యాక ఆ చెప్పినవాటి కోసమే ప్రార్థన, తరువాత చేపల పులుసు, అన్నం. సెలవు దొరకనివాళ్లు పనిచేసే ఇంట్లో స్నానాలగదిలో నుంచి ఫోను చేసేవాళ్లు. కొళాయి తిప్పి ఆ చప్పుడులో తమ వారం చెప్పేవాళ్లు.

ఇంటికి వస్తూ దారిలో నా భార్య అన్న మాట ఈ కేసుకు మలుపు: “ఈమెకు విశ్వాసం తక్కువ కాలేదండీ. సహవాసం పోయింది.” నిజమే. మా ఆరాధనలో మాట్లాడేది నేనొక్కణ్ణే. గృహ కూడికలోనూ అంతే. సాక్ష్యం చెప్పేవాళ్లు కూడా కష్టం తీరిపోయాకే చెబుతారు. తీరని కష్టాన్ని తెచ్చి పెట్టుకునే చోటు మా దగ్గర లేదు. నూరుమంది మధ్యకు ఆమెను ఇంకా దగ్గరగా లాగాలని చూశాం గానీ, ఆమెకు కావలసిన చోటే మా మధ్య లేదని గ్రహించలేదు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ అనుచరులు మందిరం అప్పు తీర్చడానికి పదిపన్నెండు మంది చొప్పున గుంపులై వారానికో పెన్నీ పోగుచేయడం మొదలుపెట్టారని, ఆ డబ్బు కోసం తిరిగే తిరుగుడే ఒకరి బాగోగులు ఒకరు అడిగి తెలుసుకునే కూడికలుగా మారిందని వేదాంత కళాశాలలో చదువుకున్నాను. చదువుకున్నది వంటింట్లో ఒక ఖద్దామా నోట విన్నాకే నాకు అర్థమైంది.

నిర్ణయాలు ఇక్కడి నుంచి వేరుగా తీసుకున్నాం. కొత్త కార్యక్రమం పెట్టలేదు. ఆమెకు తెలిసిన శుక్రవారాన్ని ఆమెనే మళ్లీ మొదలుపెట్టమన్నాం. ఎవరిని పిలవాలో ఆమెకే వదిలేశాం. ఆమె పిలిచింది ముగ్గురిని: నా భార్యను, కువైట్ నుంచి తిరిగివచ్చిన వేరే సంఘపు సహోదరిని, అదే విమానంలో వచ్చిన ఒక హిందూ సోదరిని. పెద్దల కూటంలో దీనిమీద గట్టి చర్చే జరిగింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పోటీ అవుతుందన్నారు, వేరే సంఘంవాళ్లతో ఏమి సహవాసమన్నారు. ఉపవాస ప్రార్థన ఉదయం, ఇది సాయంత్రమని చెప్పాను. రెండోదానికి, ఇద్దరు ముగ్గురు కూడిన చోట తానుంటానని ప్రభువు చెప్పినప్పుడు వాళ్లు ఏ సంఘంవాళ్లో అడగలేదన్నాను. ఆ వాక్యాన్ని నేను అప్పటిదాకా జనం తక్కువైన రోజున నన్ను నేను ఓదార్చుకోవడానికే వాడుకున్నాను.

నేను ఆ కూడికకు వెళ్లకూడదన్న నిర్ణయం నాకు అన్నిటికంటే కష్టమైంది. నేనుంటే అందరూ నావైపు తిరిగి నేనేమంటానోనని చూస్తారు, అక్కడితో అది నా కూడిక అయిపోతుంది. నా భార్య కూడా నడిపించడానికి కాదు, తన వారం చెప్పుకోవడానికే వెళ్లాలి. మొదటి రోజు తిరిగి వచ్చి, కాపరి భార్యగా పదేళ్లలో తాను ఎవరికీ తన వారం చెప్పుకోలేదని నాతో అంది. నియమాలు రెండే: ఆ వంటింట్లో డబ్బు మాట ఎత్తకూడదు, చెప్పినవాళ్లు అడిగితే తప్ప సలహా ఇవ్వకూడదు. కూర్చునేది వంటింటి చాప మీద. వంట నలుగురూ కలిసి.

నీలం చొక్కా

ఎనిమిదో శుక్రవారమో తొమ్మిదో శుక్రవారమో, ఆమె భర్త చావు గురించి చెప్పారు. చెప్పినవాటిలో నాకు తెలియజేయమని ఆమె కోరినది ఇది: భూస్థాపనను ఆమె ఎవరో ఫోనులో తీసి పంపిన రెండు నిమిషాల వీడియోలో చూశారు. పెట్టె కనిపించింది, ముఖం కనిపించలేదు. ఆ మర్నాడే పనిచేసే ఇంట్లో విందు ఉంటే వంట చేశారు. ఊళ్లో ఆదరణ కూడిక జరిగింది, ఆమె లేకుండా. ఏడేళ్ల తరువాత శాశ్వతంగా తిరిగి వచ్చాక ఆమెను ఎవరూ ఓదార్చలేదు, ఎందుకంటే అందరికీ ఆ దుఃఖం ఎప్పుడో అయిపోయింది.

స్నేహితులు నలుగురు చేయలేనిది, సంఘం మాత్రమే చేయగలిగింది ఒకటి ఇక్కడ ఉందనిపించింది. ఆమె ఒప్పుకుంటే సమాధి దగ్గర ఆదరణ కూడిక మళ్లీ పెట్టాలని పెద్దల ముందుంచాను. మానిన గాయం రేగుతుందేమోనని ఒకరు భయపడ్డారు. మానిందని ఎలా తెలుసునని ఇంకొకరు అడిగారు. డాక్టరుకు కూడా చెప్పాను. మాత్రలు ఆపకుండా, ఆమె సిద్ధపడినప్పుడే చేయమన్నారు. ఆమె మూడు వారాలు ఆలోచించి సరేనన్నారు. ఆనాడు అక్కడ ఉన్నవాళ్లనే పిలిచాం. కొడుకు వచ్చాడు, కూతురు రాలేదు.

నేను ప్రసంగం చేయలేదు. పెట్టె మోసిన పెద్దలు ఒక్కొక్కరు ఆ రోజు జరిగింది ఆమెకు చెప్పారు: ఏ వేళకు ఇంటికి తెచ్చారో, ఎవరు స్నానం చేయించారో, వాన పడితే గొయ్యిలో నీళ్లు ఎలా తోడారో, ఏ పాట పాడారో. ఆమె కొంగు తలమీదికి లాక్కుని విన్నారు. ఒక్క ప్రశ్నే అడిగారు: “ఏ చొక్కా తొడిగారు?”

డెబ్బై ఏళ్ల పెద్దాయన చెప్పారు: “నువ్వు పంపిన నీలం చొక్కానే వదినా. అప్పటిదాకా మడత విప్పలేదు. మీవాడే బీరువాలోంచి తీసిచ్చాడు.”

“కువైట్‌లో, సాల్మియాలో కొన్నాను దాన్ని. తొడుక్కోవేమయ్యా అని ప్రతిసారీ ఫోనులో పోట్లాడేదాన్ని,” అన్నారామె. అప్పుడు ఏడ్చారు, కొడుకు దగ్గరకు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎంతసేపైందో ఎవరమూ చూసుకోలేదు.

తరువాత

ఆ తరువాతి ఆదివారం ఆమె ఆశీర్వచనం దాకా ఉన్నారు. పది నెలలు గడిచేసరికి మూడు ప్రశ్నల లెక్క తొమ్మిది నుంచి ఐదుకు, పీహెచ్‌క్యూ 14 నుంచి ఏడుకు వచ్చాయి. ఇందులో మాత్రల పాలెంత, శుక్రవారాల పాలెంత, సమాధి దగ్గరి ఆ పూట పాలెంత అని నేను విడదీసి చెప్పలేను; మాత్రలు లేకుండా ఆమె ఆ చాప మీద కూర్చోగలిగేవారు కాదని మాత్రం నమ్ముతాను. ఇలాంటి కేసు చూసే తోటి కాపరులు డాక్టరు దగ్గరికి పంపడం ఆలస్యం చేయవద్దని బతిమాలుతున్నాను.

మళ్లీ జారిన సందర్భం కూడా ఉంది. 2024 డిసెంబరులో కూతురు క్రిస్మస్‌కు వస్తానని చెప్పి రాలేదు. రెండు శుక్రవారాలు ఆమె తలుపు తీయలేదు. మూడో శుక్రవారం ముగ్గురూ పెరటి గుమ్మం గుండా వెళ్లి, హాల్లోకి అడుగుపెట్టకుండా, వంటింట్లో బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టారు. ఆమెను ఏమీ అడగలేదు. అన్నం ఉడికే వేళకు ఆమె వచ్చి చాప మీద కూర్చున్నారట. దర్శన పట్టికతో వెళ్లినవాళ్లకూ వీళ్లకూ తేడా ఏమిటని పెద్దల కూటంలో అడిగితే నేను ఇదే చెప్పాను: ఆ రోజు టీ పెట్టింది ఆమె కాదు.

ఆ గుంపులో ఇప్పుడు ఏడుగురు. ఇంకో కూడిక కాలువ అవతల మొదలైంది, అందులో ఇద్దరు మగవాళ్లు కూడా ఉన్నారు. అది ఎలా నడుస్తుందో ఇంకా చూడాలి. అప్పులు తీసుకున్న నలుగురిలో ఇద్దరు తీర్చారు. కూతురుతో మాటలు ఇప్పటికీ అంతంతమాత్రమే. ఏడుగురిలో చిన్నది 2025లో కువైట్ వెళ్లింది. శుక్రవారం నాలుగున్నరకు ఇక్కడ చాప పరిచే వేళకు అక్కడ రెండు. ఫోను స్పీకరులో పెట్టి ముందు ఆమె వారమే వింటారు, తలుపు అవతల ఎవరైనా పిలిస్తే మధ్యలో వెళ్లిపోవలసి వస్తుంది కాబట్టి.

ఆమె పడుకోవడం ఇప్పటికీ వంటింట్లోనే, లైటు మాత్రం ఆర్పేస్తున్నారు. పై వాటాను ఒక టీచరు కుటుంబానికి అద్దెకిచ్చారు. రాత్రిపూట మేడ మీద అడుగుల చప్పుడైతే అవి ఎవరివో ఆమెకు తెలుసు.